పిల్లల్ని స్టూడియోకి పిలవాలా, మనమే బడికి వెళ్లాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆమదాలవలసలో స్టూడియో పెట్టి రెండేళ్లయింది. దగ్గర్లోని ఒక స్కూలు వాళ్లు 72 మంది టెన్త్ పిల్లలకి ఒక్కొక్కరిదీ పోర్ట్రెయిట్, ఆఖర్న ఒక గ్రూపు ఫోటో తియ్యమన్నారు, ఫేర్‌వెల్ ఆల్బమ్ కోసం. నీ దగ్గర ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బాడీ (పెద్ద సెన్సారుది) ఒకటి, 85, 50 మిల్లీమీటర్ల లెన్సులు, రెండు చిన్న ఫ్లాష్‌లు, ఫ్లాష్ వెలుతురుని మెత్తబరిచే గొడుగు ఒకటి ఉన్నాయి. పిల్లల్ని స్టూడియోకి రప్పించాలా, బడిలోనే తియ్యాలా, లేదంటే హెడ్మాష్టారు సరదా పడుతున్నట్టు కళింగపట్నం బీచికి బస్సెక్కించాలా అని అడిగావు.

ముందు జవాబు చెప్పేస్తాను. బడికే వెళ్లు. బీచి వద్దు. స్టూడియో సంగతి మాత్రం పూర్తిగా కొట్టిపారెయ్యకు, దాని గురించి తర్వాత చెబుతాను.

నేను విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా గురువుగారి స్టూడియోలో డార్క్‌రూము ట్రేలు కడగడంతో మొదలుపెట్టి ముప్పయ్యేళ్లు దాటింది. అప్పట్లో 120 రోలుకి పన్నెండు బొమ్మలే. పన్నెండులో ఒకటి పాడైతే గురువుగారి మొహం చూడాలంటే భయం. అందుకని ఆయన బటన్ నొక్కేముందు పిల్లాడితో పావుగంట మాట్లాడేవారు. ఏ ఊరు, ఎవరి అబ్బాయివి, సైకిలు తొక్కుతావా అని. మాకు చిరాకేసేది, బయట జనం కూచున్నారు, ఈయనకి కబుర్లేంటని. ఆయన ఎందుకలా చేసేవారో నాకు చాలా ఏళ్లకి తెలిసింది. స్టూడియోలో మనం మన ఇంట్లో ఉంటాం. వచ్చినవాడు పరాయింట్లో ఉంటాడు. ఆ పావుగంటా వాడు మన ఇంటికి అలవాటుపడ్డానికి. బడికి వెళ్తే అది తిరగబడుతుంది, పరాయివాళ్లం మనమవుతాం. వాడి వరండా, వాడి గోడ, పక్కన వాడి స్నేహితులు. ఇద్దరిలో ఎవరు సర్దుకు నిలబడ్డారో ఫోటోలో ఇట్టే తెలిసిపోతుంది. 72 మందికి తలో పావుగంటంటే పద్దెనిమిది గంటలు. నీకు అంత తీరిక లేదు, స్కూలుకి అంత ఓపిక లేదు. కాబట్టి పిల్లలు ముందే కుదురుగా ఉండే చోటికి నువ్వే వెళ్లడం మేలు.

ఒక పిల్లాడి సంగతి చెబుతాను. హాల్ టికెట్ ఫోటోకి మా స్టూడియోకి వచ్చాడు, గంట్యాడ వైపు పల్లె. స్టూలు మీద కూచోబెడితే రెండు చేతులూ తొడల మధ్య పెట్టుకుని, భుజాలు చెవుల దాకా లేపి, గడ్డం గుండెకి ఆనించాడు. "తల ఎత్తు నాన్నా" అంటే కళ్లెత్తాడు, తల ఎత్తలేదు. పది తీశాను, పదీ ఒక్కలాగే వచ్చాయి. రెండు నెలల తర్వాత వాడి బడిలోనే గ్రూపు ఫోటోకి వెళ్లాను. వాణ్ణి మొదట నేను గుర్తుపట్టలేదు. వరండా స్తంభానికి ఒక భుజం ఆనించి, ఒక కాలు మడిచి గోడకి తన్నిపెట్టి, ఎవరినో ఏడిపిస్తున్నాడు. అలాగే ఉండమని తీసేశాను. ఆ కుర్రాడే, ఆ మొహమే. మెడ మాత్రం రెండంగుళాలు పొడుగైంది.

ఇప్పుడు వెలుతురు సంగతి. అసలు పని ఇక్కడే ఉంది.

బడి అనగానే అందరూ చెట్టు కిందకి పరిగెడతారు. వేపచెట్టు కింద నిలబెడితే మొహం మీద ఎండ చుక్కలు పడతాయి, ముక్కు మీద ఒకటి, చెంప మీద ఒకటి, బొల్లి వచ్చినట్టు. మామిడిచెట్టు దట్టంగా ఉంటుంది కదా అంటావేమో, అక్కడ ఆకుల్లోంచి దిగే వెలుతురు పచ్చగా ఉంటుంది. చామనఛాయ మొహం మీద ఆ పచ్చ పడితే పిల్ల జ్వరం పడి లేచినట్టు కనపడుతుంది. కంప్యూటర్లో దాన్ని తియ్యబోతే చొక్కా గులాబీ అవుతుంది. నేను చాలా ఆదివారాలు దానికి ధారపోశాను.

నీకు కావలసింది వరండా. అదీ ఉత్తరం ముఖంగా ఉన్న వరండా. ఫేర్‌వెల్ పని జనవరి, ఫిబ్రవరిలో పడుతుంది కదా, మార్చి వస్తే పరీక్షలే. ఆ రెండు నెలల్లో సూర్యుడు మనకి దక్షిణం వైపుగా నడుస్తాడు. ఉత్తరం వరండాలోకి పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఎండ దూరదు. పదింటికి తీసిన పిల్లకీ రెండింటికి తీసిన పిల్లకీ వెలుతురు దాదాపు ఒక్కలాగే ఉంటుంది. ఆల్బమ్‌లో పక్కపక్క పేజీల్లో పడే ఫోటోలకి అది చాలా ముఖ్యం. అదే మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా అయితే లెక్క మారుతుంది. మన జిల్లాల్లో ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే జరుగుతాడు, ఉత్తరం వరండా అంచున ఎండ తగులుతుంది. మీ శ్రీకాకుళం వాళ్లకి దిక్కుల గురించి నేను చెప్పాలా? అరసవల్లిలో మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పొద్దుటి కిరణాలు లోపలిదాకా వచ్చి స్వామి పాదాల మీద పడేలా గుడి కట్టారు. నువ్వు బడి వరండా ఏ ముఖంగా ఉందో చూసుకుంటే చాలు.

పిల్లని వరండా అంచున నిలబెట్టకు. మూడు నాలుగు అడుగులు లోపలికి పెట్టు. అంచున ఉంటే ఆకాశం నెత్తి మీంచి పడి కళ్ల కింద గుంటలు చేస్తుంది. లోపలికి జరిగితే పైకప్పు ఆ పైవెలుతురుని ఆపేస్తుంది, ఎదురుగా వచ్చేదే మొహం మీద పడుతుంది, కంట్లో తెల్లటి చుక్క నిలుస్తుంది. మొహం తిన్నగా బయటికి తిప్పించకు, కొంచెం వరండా పొడవు వైపు తిప్పు. అప్పుడు ఒక చెంప వెలుగులో, ఒక చెంప కాస్త నీడలో పడి ముక్కు, దవడ తీరు కనపడతాయి. వెనక వరండా పొడుగ్గా సాగిపోతుంటే ఆ స్తంభాలే నీ తెర. 85 లెన్సు, దాని రంధ్రం బాగా తెరిచి ఎఫ్/2.8 దగ్గర పెడితే స్తంభాలు మెత్తగా కరిగిపోతాయి, అయినా అది మన బడేనని పిల్లకి తెలుస్తుంది. దగ్గరి కంటి మీద ఫోకస్ పెట్టు.

నేల కూడా చూసుకో. వరండా ముందు సిమెంటు ఉంటే అదృష్టం. మా విజయనగరం వైపు చాలా బళ్లలో ఎర్రమట్టి. ఆ మట్టి మీద పడిన ఎండ లేచి గడ్డం కింద ఎర్రగా తగులుతుంది. దానికి నా మందు ఫ్లెక్సీ. పుట్టినరోజులకీ ఎన్నికలకీ కట్టి విప్పేసిన బ్యానర్లు, వెనకవైపు తెల్లగా ఉండేవి, ఒక రెండు నా స్కూటరు డిక్కీలో ఎప్పుడూ ఉంటాయి. నాయకుడి మొహం కిందకి, తెలుపు పైకి పెట్టి వరండా ముందు పరిచేస్తాను. అంతకంటే మంచి రిఫ్లెక్టర్ నేను కొనలేదు. గోడకి పచ్చ రంగో గులాబీ రంగో వేసి ఉంటే ఆ వైపు నల్లగుడ్డ ఒకటి వేలాడదియ్యి, లేకపోతే గోడ రంగు నీడ చెంపకి ఎక్కుతుంది.

కెమెరా లెక్క: అలాంటి నీడలో ఐఎస్ఓ (కెమెరా వెలుతురుని పట్టే చురుకు) 200, ఎఫ్/2.8, షటరు సెకనులో 1/250 వంతు చుట్టుపక్కల మొదలుపెట్టి చూసుకో. మ్యాన్యువల్లోనే పెట్టు. ఎందుకంటే తెల్ల యూనిఫాం. మన స్టూడియోల వాళ్లం ఎక్కువగా దెబ్బతినేది దానితోనే. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తెలివైనదేమీ కాదు, ముందున్న ప్రతిదాన్నీ కలిపి సగటున బూడిదరంగు చేసేద్దామని చూస్తుంది. ఫ్రేములో సగం తెల్లచొక్కా ఉంటే "అబ్బో ఎక్కువ వెలుతురు" అని తగ్గించేస్తుంది. చొక్కా బూడిదరంగు, పిల్ల మొహం బొగ్గు. వెంటనే నల్లటి జుట్టు, రెండు జడలు, ముదురు నీలం స్వెట్టరున్న అమ్మాయి వస్తే మీటరు అటు తిరుగుతుంది, ఈసారి మొహం పాలిపోతుంది. మొదటి పిల్లకి సరిచేసుకున్న లెక్కని అలాగే ఉంచి, ప్రతి అయిదారుగురికీ ఒకసారి కెమెరాలో హిస్టోగ్రామ్, అంటే వెలుగునీడల గ్రాఫు, చూసుకో. చొక్కా మడతలు పోకుండా ఉండాలి, అక్కడితో ఆగు. అప్పటికీ మొహం చీకటిగా ఉందనిపిస్తే ఎక్స్‌పోజర్ పెంచకు, మొహానికి వెలుతురు పెంచు. ఫ్లెక్సీ ఇంకాస్త దగ్గరికి లాగు. లేదంటే నీ ఫ్లాష్‌కి గొడుగు తగిలించి, పిల్ల కంటే ఒక అడుగు ఎత్తులో, ఆకాశం వెలుతురు వచ్చే వైపునే పెట్టి, తక్కువ పవరులో ఒక్క చెంచాడు వెయ్యి. ఫ్లాష్ వేసినట్టు తెలిసిందంటే ఎక్కువేసినట్టే. ఫ్లాష్ వాడేటప్పుడు షటరు 1/200 దాటించకు, కొన్ని బాడీల్లో 1/250 దాకా ఒప్పుకుంటుంది, దాటితే ఫోటోలో సగం నల్లపట్టీ.

ఆ చిన్న ఫ్లాష్‌లతో మధ్యాహ్నం ఎండని గెలవాలని మాత్రం చూడకు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, షటరు 1/200 పెడితే ఎఫ్/11 కావాలి. అక్కడ గొడుగులోంచి వచ్చే చిన్న ఫ్లాష్ వెలుతురు కంటికే కనపడదు. బ్యాటరీలు కరిగిపోతాయి అంతే.

ఇక బీచి. హెడ్మాష్టారికి ఎలా చెబుతావో నీ ఇష్టం, నా కథ చెప్పినా పరవాలేదు. డిగ్రీ పిల్లల్ని ఒక ఫిబ్రవరిలో చింతపల్లి బీచికి తీసుకెళ్లాం. బయల్దేరేసరికి ఆలస్యం, చేరేసరికి పదకొండు. సముద్రం మీద ఎండ, ఇసుక మీద ఎండ, కింద నుంచీ పైనుంచీ. నలభై మందీ కళ్లు చిట్లించారు. నా థర్మాకోల్ షీటు గాలికి లేచి అలల్లో పడింది, దాన్ని పట్టుకోడానికి ఇద్దరు కుర్రాళ్లు మోకాలు దాటి నీళ్లలోకి దిగిపోయారు. నా గుండె ఆగినంత పనైంది. మన తీరంలో అల లాగితే ఈత వచ్చినవాడికీ కష్టమే, కెమెరా కంటికి పెట్టుకున్నవాడు పిల్లల్ని లెక్కపెట్టుకోలేడు. ఇంటికొచ్చి చూస్తే లెన్సు మీద ఉప్పు పొర, ఫోటోలన్నీ మసక. అమ్మాయిల జుట్టు సంగతి చెప్పనక్కర్లేదు. డబ్బు వెనక్కివ్వలేదు గానీ, మళ్లీ కాలేజీకి వెళ్లి వరండాలో ఉచితంగా తీసిచ్చాను.

ఎప్పుడైనా తప్పనిసరై బీచిలో తియ్యాల్సొస్తే సాయంత్రం తియ్యి. మన వైపు సూర్యుడు సముద్రంలోంచి లేచి ఊరి వెనక దిగుతాడు. పొద్దుటే సముద్రం వెనక పెట్టుకుంటే పిల్లల వీపు మీద ఎండ, మొహం చీకటి. సాయంత్రమైతే సముద్రం వెనక ఉంటుంది, దిగిపోయే ఎండ మెత్తగా మొహం మీద పడుతుంది. ఫిబ్రవరిలో ఆరింటిలోపే పొద్దు గుంకుతుంది, ఆ వెలుతురు నిలిచేది అరగంట. అరగంటలో పదిమందిని తీస్తావు. 72 మందిని కాదు.

ఇంకొక జబ్బు ఉంది మన వాళ్లకి, ఊళ్లో పేరున్న చోటుకల్లా పరిగెత్తడం. మా దగ్గరైతే కోట, గంటస్తంభం. మీ దగ్గర కళింగపట్నం లైటుహౌసు, శాలిహుండం కొండ, నాగావళి వంతెన. 1713లో కట్టిన కోట ముందు పిల్లాణ్ణి నిలబెడితే గోడ అంత ఎత్తున, పిల్లాడు ఇంత చీమలా. ఇంట్లో వాళ్లకి కావలసింది వాడి మొహం. కోట ఫోటో కావాలంటే క్యాలెండర్లో దొరుకుతుంది. పైగా కోటలో కాలేజీలు నడుస్తున్నాయి, అడక్కుండా లైట్లు పెట్టడం మర్యాద కాదు. శాలిహుండం పురావస్తు శాఖ చూసుకునే చోటు, అక్కడ స్టాండు, లైట్లు పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. గంటస్తంభం దగ్గరైతే ఆదివారం తెల్లవారితే తప్ప ఆటోలు లేని ఫ్రేము దొరకదు.

అలాగని చోటు అనవసరమనీ అనను. మా ఊళ్లో సంగీత కళాశాల ఉంది కదా, 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. అక్కడ వీణ నేర్చుకునే అమ్మాయి ఒకతె ఫోటో కోసం మా స్టూడియోకి వచ్చింది. బొబ్బిలి వీణ, పనసకర్రది, నిగనిగలాడే పాలిష్. సాఫ్ట్‌బాక్స్, అదే తెల్లగుడ్డ కప్పిన లైటు, వెలిగించానో లేదో వీణ కుండ మీద తెల్లటి పలకలాగా వెలుతురు అంటుకుంది. దాన్ని తప్పించడానికి లైటు జరిపితే అమ్మాయి మొహం చీకటైంది. కార్పెట్ మీద కూచుంది గానీ మోకాలి మీద వీణ ఎటు పెట్టుకోవాలో కెమెరా కోసం ఆలోచిస్తోంది, వేళ్లు బిగుసుకుపోయాయి. చివరికి మర్నాడు మేష్టారినడిగి వాళ్లు సాధన చేసుకునే గదికే వెళ్లాను. చాప, పక్కన కిటికీ. నేనూ నేల మీద ఆమె ఎత్తుకే కూచున్నాను. "ఫోటో సంగతి వదిలెయ్యమ్మా, నిన్న చెప్పిన పాఠం వాయించుకో" అన్నాను. రెండు నిమిషాలకి నన్ను మరిచిపోయింది. ఎడమచేతి వేళ్లు మెట్ల మీద ఉన్నప్పుడు కనుబొమ్మలు కొంచెం ముడిపడతాయి ఆమెకి, తప్పు పలికితే నాలుక చివర బయటికొస్తుంది. నాలుక బయటికొచ్చిన ఫోటోనే వాళ్లమ్మ పెద్దది చేయించుకుంది. చోటు అంటే నాకు అదీ. ఆ పిల్ల రోజూ కూచునే చోటు.

స్టూడియో సంగతి తర్వాత చెబుతానన్నాను. ఇన్నాళ్లూ బయట తీసిందే గొప్ప అని నేనూ పొగరుగా మాట్లాడేవాణ్ణి. ఒక చేపలమ్మే ఆవిడ నా నోరు మూయించింది. కూతురు డిగ్రీ పాసయింది, వాళ్లింట్లో మొదటి డిగ్రీ. గౌను, టోపీ అద్దెకి తెచ్చుకుని తల్లీకూతుళ్లు సాయంత్రం వచ్చారు. నేను ఉత్సాహంగా, "స్టూడియో ఎందుకమ్మా, రేపు పొద్దుటే కాలేజీ మెట్ల మీద తీస్తాను, సహజంగా ఉంటుంది" అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

"ఏటి బాబూ, బయటయితే మా గుంటడు సెల్లుతో తీసేత్తాడు. ఇక్కడ, తెర ముందర, లైట్లేసి తీత్తేనే కదా ఫోటో అంటారు."

ఆవిడకి తెర కావాలి, లైట్లు కావాలి, కుర్చీ కావాలి. కూతురి కోసం ఒకళ్లు ఇన్ని లైట్లు వెలిగించడం ఆవిడ కంటితో చూడాలి. నేను దాన్ని పాతకాలపు సరదా అనుకున్నాను, ఆవిడకి అది గౌరవం. గంట తీశాను ఆ సాయంత్రం. తల్లిని కూడా పక్కన నిలబెట్టబోతే, "చేపల వాసనొత్తాను, నాకెందుకు" అని ముందు వెనక్కి జరిగింది. "ఫోటోకి వాసన రాదమ్మా" అంటే నవ్వింది, ఆ నవ్వు దొరికింది నాకు. అందుకే చెబుతున్నాను, ఇంటివాళ్లు స్టూడియోయే కావాలంటే వాళ్లకి మన అభిరుచి పాఠాలు చెప్పకు.

అయితే గౌనుతో నిలువెత్తు ఫోటో అడుగుతారు, అక్కడ మన గదులు సరిపోవు. లెక్క వేసుకో. ఫుల్‌ఫ్రేమ్ మీద 85 లెన్సుతో నిలువెత్తు పట్టాలంటే మనిషికీ కెమెరాకీ మధ్యే దాదాపు 16 అడుగులు కావాలి. తెర మీద నీడ పడకుండా మనిషి వెనక ఇంకో అయిదడుగులు, నువ్వు నిలబడ్డానికి మూడు. మొత్తం 24. మన ఊళ్లలో దుకాణం షట్టరు వెనక గదులు పద్నాలుగు, పదిహేను అడుగులుంటే గొప్ప. 50 లెన్సు పెడితే పదడుగుల్లో వస్తుంది గానీ అప్పుడూ లెక్క బిగుతే, కెమెరా పట్టుకుని నువ్వు తలుపులో నిలబడాలి. నడుము దాకా తీస్తే 85కి ఏడడుగులు చాలు. అందుకే చిన్న గదిలో సగం బొమ్మతోనే సరిపెట్టుకో, కాళ్లు తియ్యాలంటే బయటికి నడిపించు. ఇంకొకటి, చిన్న గదిలో తెల్లగోడలుంటే వెలుతురు బంతిలా కొట్టుకుని నీడలన్నీ చెరిపేస్తుంది, మొహం అప్పడంలా చదునుగా వస్తుంది. నేను ఒక గోడకి ముదురు బూడిదరంగు వేయించాను, ఆ ఖర్చు కొత్త లెన్సు కంటే ఎక్కువ పనికొచ్చింది. లైటు దూరం కూడా మరిచిపోకు. రెండడుగుల దూరంలో ఉన్నదాన్ని నాలుగడుగులకి జరిపితే వెలుతురు సగం కాదు, పావు అవుతుంది.

మళ్లీ నీ 72 మంది దగ్గరికి వస్తే, స్టూడియోకి రప్పించడంలో ఆటోల గొడవ ఒకటుంది. ఆటోకి ఆరుగురంటే పన్నెండు ట్రిప్పులు, ప్రతి ట్రిప్పుకీ ఒక టీచరు, ప్రతి ఇంటి నుంచీ ఒప్పుకోలు చీటీ. బడిలో ఇవేవీ లేవు. పిల్లకి మూడు నిమిషాలు వేసుకున్నా మూడున్నర గంటలు దాటుతుంది, కాబట్టి రెండు రోజులు పెట్టుకో, రోజుకి 36 మంది, రెండు రోజులూ అదే వేళకి. ఇంటర్వెల్ బెల్లు కొట్టినప్పుడు కెమెరా దించేసి టీ తాగు, ఆ పది నిమిషాలూ వరండా సంతలా ఉంటుంది.

ఎప్పుడూ ముగ్గుర్నే పిలిపించు. ఒకరు ఫోటోకి, ఇద్దరు వరసలో. వరసలో ఉన్నవాణ్ణి నీ భుజం పక్కనే నిలబెట్టుకో. నువ్వు "నవ్వు" అంటే పళ్లు చూపిస్తారు. పక్కనున్న స్నేహితుడు ఊరికే చూసినా నిజంగా నవ్వుతారు. ఆ నవ్వు అయిపోయిన తర్వాత అరక్షణం ఉంటుంది చూడు, నోరు మూసుకుంటుంది, కళ్లు ఇంకా నవ్వుతుంటాయి. అప్పుడు నొక్కు. బెరుకు పిల్లలైతే నేను అడిగేది ఒక్కటే, బడికి ఎలా వస్తావని. ఎన్ని ఆటోలు మారాలో, ఏ గట్టు మీంచి నడవాలో చెబుతూ చెబుతూ భుజాలు దించేస్తారు.

పౌడరు సంగతి ముందురోజే చెప్పించు. ఫోటో అనగానే మొహానికి దట్టించి వస్తారు, మెడ ఒక రంగు, మొహం ఒక రంగు, ఫ్లాష్ పడితే సున్నం కొట్టినట్టు. ఒక తడి రుమాలు, ఒక పొడి రుమాలు, అద్దం, దువ్వెన దగ్గర పెట్టుకో. అమ్మాయిలకి టీచరమ్మే సర్దాలి, మనం చెయ్యి వెయ్యకూడదు. నూనె జుట్టుకి వెనక నుంచి లైటు పెట్టకు. కళ్లజోడు పిల్లలకి కాడల్ని చెవుల మీద ఒక పిసరు పైకి లేపితే అద్దాల్లో మెరుపు పోతుంది.

ఇక నిన్ను అడుగుతారు, తప్పకుండా అడుగుతారు, "కొంచెం తెల్లగా చెయ్యండి" అని. పిల్లలూ అడుగుతారు, తల్లిదండ్రులూ అడుగుతారు, ఒకోసారి మేష్టార్లూ అడుగుతారు. నేనూ చేసేవాణ్ణి మొదట్లో. ఒకసారి ఇద్దరు కవల అమ్మాయిల్లో ఒకళ్ల తల్లి అడిగిందని... తల్లి ఒక్కతే కదా, అడిగింది ఒక పిల్లకే, రెండోది "తెల్లగానే ఉంది" కాబట్టి. చేసిచ్చాను. మొదటి పిల్ల ఆ ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "ఇది అక్క ఫోటో" అని తిరిగిచ్చేసింది. అప్పట్నుంచి మానేశాను. మొటిమ తీస్తాను, అది వారంలో పోయేదే. పుట్టుమచ్చ తియ్యను. రంగు మార్చను. అడిగినవాళ్లకి "మంచి వెలుతురులో తీశానండి, ప్రింటు చూసి చెప్పండి" అంటాను. చామనఛాయ మొహం మీద పక్కనుంచి మెత్తటి వెలుతురు పడితే వచ్చే మెరుపు ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు, ప్రింటు చూశాక చాలామంది ఇంకేమీ అడగరు. అడిగినవాళ్లు కొందరు వేరే స్టూడియోకి వెళ్లారు, వెళ్లనిచ్చాను.

గ్రూపు ఫోటోకి ఎక్కువ చెప్పను. ఎఫ్/8, వరసలు దగ్గర దగ్గరగా, ఫోకస్ ముందు వరస మీదే కాకుండా రెండో వరస మీద, కనీసం ఎనిమిది తియ్యి, ఎవడో ఒకడు కళ్లు మూస్తాడు.

పనిలో పని, వరండా చివర గోడకి తెల్లదుప్పటి ఒకటి కట్టి, ప్రతి పిల్లకీ ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో కూడా తీసేసుకో, 35 బై 45 మిల్లీమీటర్లది. రిజల్ట్స్ రాగానే ఇంటరు, పాలిటెక్నిక్ అప్లికేషన్లని అందరికీ అదే కావాలి, వాళ్లు మళ్లీ నీ దగ్గరికే వస్తారు. మొదటి ఫ్రేము ఎప్పుడూ పలక మీద రోల్ నంబరు రాసి పిల్ల చేతికిచ్చి తియ్యి. ఒక ఏడాది ఈ పని బద్ధకించి, ఒకేలాంటి యూనిఫాంలో ఉన్న అరవై మందికి పేర్లు కలపడానికి వాళ్ల క్లాస్ టీచర్ని రెండు సాయంత్రాలు కూచోబెట్టుకున్నాను. మెమరీ కార్డు రెండు చోట్ల కాపీ అయ్యేదాకా చెరపకు.

నీ స్టూడియో పేజీలో ఈ ఫోటోలు పెట్టుకోవాలని ఉంటుంది. టెన్త్ పిల్లలు 18 నిండనివాళ్లు, 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుకోలు అడుగుతుంది. చట్టం లేకపోయినా అడగాల్సిందే. స్కూలు వాళ్లు సరేనంటే సరిపోదు.

ఈ శనివారం బడి వదిలాక ఒకసారి వెళ్లు. వరండా ఏ ముఖమో, ముందు సిమెంటో మట్టో, గోడకి ఏ రంగు వేశారో చూడు. అక్కడ ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎవరినైనా మేష్టారినడిగి వరండాలో నిలబెట్టి, అంచున ఒకటి, నాలుగడుగులు లోపల ఒకటి సెల్లుతోనే తియ్యి. మొహం కనపడకుండా చేసి గోడ, నేల మీది వెలుతురు వరకూ ఇక్కడ పెట్టినా చాలు, గొడుగు ఎటు పెట్టాలో చూసి చెబుతాను.